కక్కాలా, మింగాలా? కోపం గురించి మనం వేసుకుంటున్న తప్పు ప్రశ్న

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఒక సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి ఒక మేస్త్రి ఇంటికి బయలుదేరాడనుకుందాం. పొద్దుటి నుంచి రేకుల కప్పు కింద వెల్డింగ్ పని. పని అయిపోయాక లారీ యజమాని వచ్చి, వెనక తలుపు గడియ సరిగా పడడం లేదని వంక పెట్టి, ఒప్పుకున్న డబ్బులో ఐదు వేలు కోశాడు. "ఇంతేనా మేస్త్రీ నీ పనితనం" అని నలుగురు కుర్రాళ్ళ ముందు ఒక మాట కూడా అన్నాడు. మేస్త్రి బదులు చెప్పలేదు. వచ్చే నెల అతనివే ఇంకా రెండు బళ్ళు షెడ్డుకు రావాలి మరి. బెంజిసర్కిల్ దగ్గర అరగంట సేపు బండి కదల్లేదు. వెనక నుంచి ఆగకుండా హారన్లు. కృష్ణలంకలో ఇంటికి చేరేసరికి కరెంటు లేదు. గుమ్మంలో పిల్లవాడి చెప్పులు అడ్డంగా పడి ఉన్నాయి. ఆ చెప్పులు చూసి ఆయన అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

తొమ్మిదేళ్ళ పిల్లవాడు తింటున్న పళ్ళెం చేత్తో పట్టుకునే లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముద్ద నోట్లోనే ఉంది. నమలడం లేదు.

ఈ మేస్త్రి నేను ఊహించిన మనిషి. ఆ పిల్లవాడు మాత్రం మనలో చాలామందికి తెలిసినవాడే. కొందరం ఆ గోడకు ఆనుకుని నిలబడినవాళ్ళం, కొందరం గుమ్మంలో నిలబడి అరిచినవాళ్ళం, రెండూ అయినవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ సాయంత్రాన్ని ముక్కలుగా విడదీసి చూడాలనిపించింది.

కోపం విషయంలో మనకు రెండు మాటలు వినబడుతుంటాయి. మొదటిది పాతది: కోపం శత్రువు, రానివ్వకూడదు, వస్తే మింగాలి. రెండోది ఈ మధ్య గట్టిగా వినబడుతోంది: లోపల పెట్టుకుంటే జబ్బు చేస్తుంది, కక్కేయాలి. డబ్బు కట్టి సీసాలూ పాత టీవీలూ పగలగొట్టి రావడానికి పెద్ద నగరాల్లో గదులు కూడా వెలిశాయి. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒకటే. కోపం కడుపులో చేరిన సరుకు లాంటిది, అయితే లోపల ఉండాలి లేదా బయటికి పోవాలి అన్నది ఆ నమ్మకం. గత యాభై ఏళ్ళలో జరిగిన పరిశోధన ఈ నమ్మకాన్నే కదిలించింది.

కోపం, దూకుడు, పగ: మూడూ ఒకటి కావు

మన మాటల్లో ఇవన్నీ కలిసిపోతుంటాయి. మనస్తత్వ శాస్త్రం వీటిని వేరుచేస్తుంది. కోపం ఒక అనుభూతి. నాకు అన్యాయం జరిగింది, నన్ను తక్కువ చేశారు, నా దారికి అడ్డు వచ్చారు అని మనసు లెక్క కట్టినప్పుడు పుట్టేది. దూకుడు అంటే చేసే పని: తిట్టడం, కొట్టడం, వస్తువు విసిరేయడం. పగ ఆ రెండూ చల్లారిన తర్వాత కూడా మనిషిలో మిగిలిపోయే వైఖరి.

ఈ తేడా తెలియకపోవడం వల్ల చాలా అనర్థం జరుగుతోంది. కోపం వచ్చిన ప్రతివాడూ దూకుడుగా ప్రవర్తించడు. దూకుడుగా ప్రవర్తించే ప్రతివాడికీ కోపం ఉండాలనీ లేదు, డబ్బు కోసం చల్లగా కత్తి తీసేవాడు కూడా ఉంటాడు. "కోపం తగ్గించుకో" అని ఎవరినైనా మందలించినప్పుడు మనం నిజానికి వద్దంటున్నది ఆయన అనుభూతినా, ఆయన చేసిన పనినా? మేస్త్రి సంగతే తీసుకోండి. ఐదు వేలు అన్యాయంగా కోసినందుకు కోపం రావడం తప్పా? పిల్లవాడి మీద అరవడం తప్పా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఇవ్వలేం.

మరో తేడా కూడా ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పీల్‌బెర్గర్ కోపాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేసినప్పుడు, ఈ క్షణంలో వచ్చిన కోపాన్నీ మనిషి స్వభావంలో ఉన్న కోపాన్నీ వేర్వేరుగా కొలిచాడు. మనం "ఆయనకు కోపం వచ్చింది" అనడానికీ, "ఆయన కోపిష్టి" లేదా "ఆయనకు ముక్కు మీదే కోపం" అనడానికీ మధ్య చూపించే తేడా అదే.

ఈ విషయంలో తెలుగు మనకు ఇచ్చిన మాటల సంపద చిన్నది కాదు. విసుగు, చిరాకు, కినుక, అలక, ఉడుకుమోతుతనం, ఉక్రోషం, రోషం, కసి, ఆగ్రహం. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. అలకలో ప్రేమ ఉంది, అవతలి వాళ్ళు వచ్చి బతిమాలతారన్న ఆశ ఉంది. ఉక్రోషంలో ఏమీ చేయలేకపోయిన ఏడుపు ఉంది. రోషంలో దెబ్బతిన్న గౌరవం ఉంది. ఆగ్రహం అన్నప్పుడు ధర్మం తప్పారన్న తీర్పు వినబడుతుంది. మేస్త్రికి షెడ్డులో కలిగింది రోషం. బెంజిసర్కిల్‌లో కలిగింది చిరాకు. ఇంటి గుమ్మంలో బయటపడింది ఉక్రోషం. వీటన్నిటినీ కోపమన్న ఒకే గోనెసంచిలో వేసి కట్టేస్తే ఏది ఎక్కడ పుట్టిందో ఆయనకే తెలియదు. అనుభూతికి సరైన పేరు పెట్టడం కూడా దాన్ని కొంత తగ్గిస్తుంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌తో చేసిన ఒక ప్రయోగంలో, కోపం, భయం నిండిన ముఖాల చిత్రాలు చూస్తూ ఆ భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు, మెదడులో ప్రమాద ఘంటిక మోగించే అమిగ్డలా అన్న భాగం చురుకు తగ్గింది.

ఒంట్లో జరిగేది

ఒళ్ళు మండింది, కళ్ళెర్రబడ్డాయి, నషాళానికి అంటింది అంటాం. ఇవి కవులు అలంకారం కోసం కల్పించినవి కావు. ముప్పు కనబడగానే అమిగ్డలా స్పందిస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఊపిరి పొట్టిగా, తొందరగా సాగుతుంది. కండరాలకు ఎక్కువ రక్తం చేరుతుంది, కాలేయం నిల్వ ఉంచిన చక్కెరను వదులుతుంది. తలపడడానికో పారిపోవడానికో ఒళ్ళు సిద్ధమయ్యే ఈ తీరును వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1915లో ప్రచురించిన పరిశోధనలో వివరించాడు. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం ఆలోచించి, తూచి, ఆగమని చెబుతుంది. కానీ ఒత్తిడి బాగా పెరిగినప్పుడు దాని మాట సన్నగిల్లుతుంది. కోపంలో అన్న మాటకు మర్నాడు మనమే ఆశ్చర్యపోయేది అందుకే.

అంటే కోపంలో రెండు పోగులున్నాయి. ఒకటి ఒంటి ఉద్రేకం. రెండోది మనసు కట్టిన లెక్క, అంటే ఎవరు నాకు ఏం చేశారన్న కథ. ఈ రెండూ పెనవేసుకుంటేనే కోపం.

ఉద్రేకం గురించి డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో ఒక ముఖ్యమైన సంగతి కనిపెట్టాడు. ఒకచోట రేగిన ఉద్రేకం అక్కడే ఆగిపోదు, తర్వాతి సంఘటనలోకి కొంత మోసుకెళ్తాం. ముందే రెచ్చగొట్టిన మనుషులతో వ్యాయామపు సైకిలు తొక్కించి, తర్వాత రెచ్చగొట్టినవాడికి బదులు తీర్చుకునే అవకాశం ఇచ్చినప్పుడు, సైకిలు తొక్కనివారి కంటే వాళ్ళు ఎక్కువ దూకుడు చూపించారు. గుండె కొట్టుకుంటున్నది సైకిలు వల్ల. మనసు మాత్రం దాన్ని ఎదుటి మనిషి ఖాతాలో రాసింది.

ఎండ కూడా ఇలాంటిదే. 1986లో అమెరికాలో ఎడారి నగరమైన ఫీనిక్స్‌లో కెన్రిక్, మెక్‌ఫార్లేన్ అనే ఇద్దరు ఒక సాదా ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. సిగ్నల్ పచ్చగా మారినా ఒక కారును కదలకుండా ఆపి, వెనకవాళ్ళు ఎంతగా హారన్ కొడతారో లెక్కపెట్టారు. ఎండ పెరిగేకొద్దీ హారన్ పెరిగింది. అద్దాలు దించుకుని, అంటే ఏసీ లేకుండా నడుపుతున్నవారిలో ఈ సంబంధం మరింత బలంగా కనబడింది. ఇది చదివినప్పుడు నాకు మే నెల మధ్యాహ్నం రామవరప్పాడు రింగు కళ్ళ ముందు మెదిలింది. బెజవాడకు బ్లేజువాడ అన్న పేరు ఊరికే రాలేదు. ఎండ వల్ల మనుషులు చెడ్డవాళ్ళవుతారని దీని అర్థం కాదు. అప్పటికే సగం నిండిన కుండలో ఎండ మరికొంత పోస్తుంది, అంతే.

ఇప్పుడు మేస్త్రి సాయంత్రం మళ్ళీ చూడండి. రేకుల షెడ్డు వేడి, యజమాని మాట, అరగంట హారన్లు, కరెంటు కోత. ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఉద్రేకం, చివరగా కళ్ళబడిన చెప్పుల జతను తన కారణంగా ఎంచుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మన పెద్దవాళ్ళు చెప్పింది దీన్నే. శాస్త్రం దీనికి దారి మళ్ళిన దూకుడు అని పేరు పెట్టింది. దుత్తకు నోరు లేదు కాబట్టే దెబ్బ తింటుంది. ఇంట్లో పిల్లలు, భార్య, దుకాణంలో పనికుర్రాడు, ఫోనులో అవతల ఉన్న కస్టమర్ కేర్ అమ్మాయి తరచుగా ఆ దుత్తలు.

కుక్కర్ పోలిక ఎక్కడ తప్పింది

కోపాన్ని కక్కేయాలన్న వాదానికి ప్రెషర్ కుక్కర్ పోలిక చెబుతారు. ఆవిరి పోకపోతే కుక్కర్ పేలుతుంది, కాబట్టి విజిల్ రానివ్వాలి. ఈ ఆలోచనకు చరిత్ర ఉంది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రచురించిన పరిశీలనల్లో, అణచిపెట్టిన భావాలను బయటికి తీస్తే రోగికి ఉపశమనం కలుగుతుందన్నారు. అక్కడ నుంచి అది జనంలోకి వచ్చి, దిండును గుద్దండి, గట్టిగా అరవండి అన్న సలహాగా మారింది.

బ్రాడ్ బుష్‌మన్ 2002లో దీన్ని పరీక్షించాడు. 600 మంది విద్యార్థుల చేత వ్యాసాలు రాయించి, వాటిని కటువుగా విమర్శించిన కాగితం చేతికిచ్చి కోపం తెప్పించాడు. తర్వాత వాళ్ళను మూడు గుంపులు చేశాడు. మొదటి గుంపు విమర్శించిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దారు. రెండో గుంపు వ్యాయామం చేస్తున్నామని అనుకుంటూ గుద్దారు. మూడో గుంపు రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నారు. తర్వాత ఆ విమర్శకుడి చెవుల్లో పెద్ద శబ్దం మోగించే అవకాశం ఇచ్చాడు. అందరికంటే ఎక్కువ కోపంతో మిగిలింది మనిషిని తలుచుకుంటూ గుద్దినవారే. అందరికంటే తక్కువ దూకుడు చూపింది ఊరికే కూర్చున్నవారు.

2024లో సోఫీ క్యార్విక్, బుష్‌మన్ కలిసి 154 అధ్యయనాలను, మొత్తం 10,189 మంది వివరాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. ఒంటి ఉద్రేకాన్ని తగ్గించే పనులు, అంటే నిదానంగా ఊపిరి తీయడం, కండరాలు వదులు చేయడం, ధ్యానం, యోగా, కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకాన్ని పెంచేవి మొత్తం మీద తగ్గించలేదు. పరుగు అయితే కొంత పెంచింది కూడా. బంతి ఆటల్లాంటివి మాత్రం తగ్గించే వైపు మొగ్గాయి, బహుశా ఆటలో సరదా ఉండడం వల్ల కావచ్చు. వ్యాయామం గుండెకు మంచిదే, రోజూ నడిచేవారు మానేయనక్కర్లేదు. కోపం రగిలి ఉన్న ఆ గంటలో దాన్ని మందుగా వాడడం దగ్గరే తేడా వస్తోంది.

అవతలి వాదానికీ న్యాయం చేయాలి. అరిచాక హాయిగా అనిపించిందని చెప్పేవారు అబద్ధం ఆడడం లేదు. ఆ హాయి నిజమే. అసలు చిక్కూ అక్కడే ఉంది: హాయిగా అనిపించిన పనిని మళ్ళీ చేస్తాం, అది అలవాటవుతుంది. ఇక స్నేహితుడి దగ్గర కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం దిండు గుద్దడం లాంటిది కాదు. ఆ మాటల్లో జరిగిన దానికి ఒక అర్థం దొరికితే మనసు తేలికపడుతుంది. అదే కథను అవే తిట్లతో పదిసార్లు చెప్పి, వినేవాడు "నువ్వన్నది నిజమే, వాడిని ఊరికే వదలకూడదు" అంటూ ఎగదోస్తే మాత్రం మంట పెరుగుతుంది.

మంట అన్న మాట కావాలనే వాడాను. కుక్కర్ మన ఇళ్ళలోకి వచ్చి ఎన్నాళ్ళయిందని? అంతకుముందు మన భాష కోపాన్ని ఎప్పుడూ నిప్పుతోనే పోల్చింది. రగులుతుంది, రాజుకుంటుంది, మండుతుంది, అగ్గి మీద గుగ్గిలమవుతుంది, చల్లారుతుంది. ఆవిరిని బయటికి వదిలితే తగ్గిపోతుంది. నిప్పు అలా కాదు. కట్టె వేస్తే పెరుగుతుంది, విసిరితే లేస్తుంది, కట్టె తీసేస్తే తనంతట తాను చల్లారుతుంది. ప్రయోగశాలల్లో తేలిన దానికి కుక్కర్ కంటే పొయ్యే దగ్గరగా ఉంది.

మరి మింగేస్తే?

నివురు కప్పిన నిప్పు ఆరిపోయినట్టు కాదు. 1990లలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ చేసిన ప్రయోగాల్లో, బాధ, జుగుప్స కలిగించే చలనచిత్రాల ముక్కలు చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనబడనీయవద్దన్నారు. వాళ్ళ ముఖం ప్రశాంతంగానే ఉంది. లోపలి అనుభూతి మాత్రం తగ్గలేదు, గుండె, రక్తనాళాలకు సంబంధించిన కొన్ని స్పందనలు పెరిగాయి. ముఖాన్ని అదుపు చేస్తే మనసు అదుపులోకి రాదన్నమాట.

మింగే భారం అందరి మీదా సమానంగా పడదు. పేదవాడి కోపం పెదవికి చేటు అన్న సామెత చల్లని సలహాలా వినిపిస్తుంది కానీ అందులో ఒక చేదు నిజం ఉంది: కోపం చూపించే హక్కు అధికారాన్ని బట్టి వస్తుంది. యజమాని అరిస్తే గట్టి మనిషంటారు. మేస్త్రి అరిస్తే పొగరంటారు. మగవాడు అరిస్తే ఉద్యోగంలో ఒత్తిడి అంటారు. ఆడది అరిస్తే గయ్యాళి అంటారు. మా బంధువుల ఇళ్ళలో పెద్ద కోడళ్ళు నోరు విప్పి కోప్పడడం నేను చిన్నప్పుడు చూడలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం గట్టిగా మోగేవి. పచ్చడి రుబ్బే చప్పుడును బట్టి ఇవాళ ఇంట్లో ఏదో జరిగిందని పిల్లలం గ్రహించేవాళ్ళం. ఆ కోపం ఎప్పుడూ మాటగా మారలేదు కాబట్టి ఎవరూ దానికి జవాబు చెప్పాల్సిన పని పడలేదు. ఆ తరం ఆడవాళ్ళకు మనం ఇప్పటికీ బాకీ ఉన్నామని నా నమ్మకం.

రామాయణ కథలో కైకేయికి కోపగృహం ఉంది. ఆమె కోరిన వరాల సంగతి పక్కన పెట్టి ఆ గదిని మాత్రం చూడండి. ఒక మనిషి కోపంగా ఉందని, వచ్చి ఎందుకో అడగాలని ఆ గది చెబుతుంది. సీసాలు పగలగొట్టే గదిలో అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

అయితే కోపాన్ని ఆపుకోవడం అన్నివేళలా హాని కాదు. షెడ్డులో మేస్త్రి నోరు మెదపకపోవడం పిరికితనం కాదు, రెండు బళ్ళ పని లెక్క. మింగడానికీ వాయిదా వేయడానికీ తేడా ఉంది. మింగినప్పుడు విషయం అక్కడితో మూసుకుపోయిందని నటిస్తాం. వాయిదా వేసినప్పుడు ఎప్పుడు, ఎలా అడగాలో మనసులో ఒక తేదీ ఉంటుంది.

గుండెపోటు భయం ఎంతవరకు నిజం

కోపం వస్తే గుండెపోటు వస్తుందని వాట్సాప్ సందేశాలు తిరుగుతుంటాయి. తొమ్మిది అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన సమీక్షలో, తీవ్రమైన కోపం వచ్చిన తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు కంటే దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు తేలింది. ఐదు రెట్లు అనగానే గుండె జారుతుంది. కానీ ఆ రెండు గంటల్లో ఉండే మామూలు ముప్పు చాలా చిన్నది, చిన్నదాన్ని ఐదుతో గుణించినా చిన్నదే వస్తుంది. గుండె ముప్పు తక్కువగా ఉన్నవారు నెలకు ఒకసారి అలా కోప్పడితే ఏడాదికి పదివేల మందిలో అదనంగా ఒకరికి గుండె సమస్య రావచ్చని ఆ పరిశోధకుల అంచనా. రోజుకు ఐదుసార్లు కోప్పడేవారిలో ఆ సంఖ్య 158కి చేరుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చిన కోపానికి బెంబేలు పడనక్కర్లేదు. రోజూ రగిలేవారికి, అందులోనూ ఇప్పటికే రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి మాత్రం ఇది పట్టించుకోవాల్సిన లెక్క.

కోపం పనికొచ్చేదా, పనికిరానిదా

ఇది రెండు వేల ఏళ్ళ నాటి వాదం. రోమన్ తత్త్వవేత్త సెనెకా కోపం ఏ రూపంలోనూ వద్దన్నాడు. అరిస్టాటిల్ మాత్రం తగిన మనిషి మీద, తగిన కారణానికి, తగినంత మేర వచ్చే కోపం మెచ్చదగినదే అన్నాడు. మన దగ్గర క్రోధం అరిషడ్వర్గంలో ఒకటి. నవరసాల్లో రౌద్రం కూడా ఒకటి. ఒకచోట శత్రువు, ఇంకోచోట రసం.

1980ల మొదట్లో జేమ్స్ ఏవరిల్ అనే పరిశోధకుడు మామూలు మనుషులను వాళ్ళ రోజువారీ కోపాల గురించి అడిగి రాసుకున్నాడు. ఎక్కువ కోపాలు పరాయివారి మీద కాదు, ఆప్తుల మీద, తెలిసినవారి మీద వస్తున్నాయి. చాలావాటిలో దెబ్బలాట అసలు లేదు. ఆ కోపం వల్ల చెడు కంటే మేలే జరిగిందని చెప్పినవారే ఎక్కువ, ఎందుకంటే అంతవరకు బయటపడని ఒక సమస్య గురించి మాట్లాడుకోవడం కుదిరింది.

మన రాష్ట్రంలోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు కూలి డబ్బంతా సారాకు పోతోందన్న కోపంతో సారా దుకాణం మీదికి కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. అంతవరకు ఏ ఇంటికి ఆ ఇంట్లో, ఏ వంటింటికి ఆ వంటింట్లో గిన్నెల చప్పుడుగా మిగిలిన కోపం అది. నలుగురు కూర్చుని దానికి పేరు పెట్టి, ఎవరిని ఏమి అడగాలో తేల్చుకున్నప్పుడు అది వేరే పని చేసింది.

అయితే ఈ ఉదాహరణను ఎవరు పడితే వారు అరువు తెచ్చుకోకూడదు. తన కోపం ధర్మాగ్రహమని ప్రతివాడికీ అనిపిస్తుంది. కోపం అన్యాయాన్ని చూపించగలదు, అన్యాయం ఎంత అన్నది మాత్రం పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే కోపాన్ని చేతికొచ్చిన అర్జీలా చదవాల్సిందే కానీ, చదివిన వెంటనే సంతకం పెట్టకూడదు.

అదే సాయంత్రం, ఇంకో దారిలో

కోపంలోని రెండు పోగుల్లో ఉద్రేకం ముందు చల్లారాలి, కథ తర్వాత తెమలాలి. ఈ వరుస ముఖ్యం. ఒళ్ళు మండుతున్నప్పుడు ఎంత ఆలోచించినా కోపానికి కొత్త సాక్ష్యాలే దొరుకుతాయి. మా నాయనమ్మ గుంటూరు బ్రాడీపేట ఇంట్లో ఎవరు రుసరుసలాడుతూ వచ్చినా ముందు మంచినీళ్ళ చెంబు చేతికిచ్చేది. తాగేదాకా ఏమీ అడగనిచ్చేది కాదు. నీళ్ళు తాగేటప్పుడు ఊపిరి కాసేపు ఆగుతుంది, కూర్చోవాల్సి వస్తుంది, మాట ఆలస్యమవుతుంది. ఊపిరిని మెల్లగా, ముఖ్యంగా వదిలేటప్పుడు ఎక్కువసేపు సాగదీస్తే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుందని ఆమెకు తెలియదు. ఆమె చెంబు మాత్రం ఆ పనే చేసేది.

మేస్త్రి ఇంటి సందు మొదట్లో బండి ఆపి రెండు నిమిషాలు కూర్చున్నాడనుకుందాం. వేడి తగ్గాక కథను తిరిగి చూసుకోవచ్చు. ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడక్ 2005లో చేసిన ప్రయోగాల్లో, కోపం తెప్పించిన సంఘటనను అందులోనే మునిగి తలుచుకున్నవారి కోపం మళ్ళీ రగిలింది. దూరంగా నిలబడి, ఎవరికో జరిగినట్టు చూస్తూ అలా ఎందుకు అనిపించిందని తమను తామే అడిగి చూసుకున్నవారిలో అంత రగల్లేదు. ఈ దూరాన్ని తెలుగు వ్యాకరణం మనకు ముందే ఇచ్చింది. ఇంగ్లీషులో "ఐ యామ్ యాంగ్రీ" అన్నప్పుడు మనిషే కోపంగా మారిపోతాడు. మనం "నాకు కోపం వచ్చింది" అంటాం. వచ్చింది కాబట్టి ఎక్కడ నుంచి వచ్చిందని అడగవచ్చు. ఆటోనగర్ నుంచి వచ్చింది. కృష్ణలంక నుంచి కాదు.

ఇక మిగిలింది మాట. "నువ్వెప్పుడూ ఇంతే, ఒక్క పని సరిగా చేయవు" అన్న మాటలో పిల్లవాడు చేయగలిగింది ఏమీ లేదు, అది వాడి మొత్తం మీద తీర్పు. "గుమ్మంలో చెప్పులుంటే చీకట్లో తట్టుకుని పడతాం, పక్కకు పెట్టు" అన్న దాంట్లో చెప్పులున్నాయి, కారణముంది, చేయాల్సిన పని ఉంది. యజమానితోనూ అంతే. "మీరు మోసం చేశారండీ" అంటే ఆయన మోసం గురించి వాదిస్తాడు. "గడియ ఇవాళే సరిచేసి ఇస్తానండీ, ఒప్పుకున్న లెక్క ప్రకారం ఐదు వేలు ఇప్పించండి" అంటే వాదన గడియ గురించి, ఐదు వేల గురించి జరుగుతుంది. ఇలా అడిగితే డబ్బు తప్పకుండా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. యజమాని మొండివాడైతే రాకపోవచ్చు.

కోపం కింద ఇంకేదో ఉన్నప్పుడు

నిద్ర చాలకపోవడం, ఆకలి, తగ్గని నొప్పి, మద్యం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మధుమేహ రోగికి చక్కెర పడిపోవడం, ఇవన్నీ చిరాకు రూపంలో బయటపడవచ్చు. కుంగుబాటు కూడా, ముఖ్యంగా మగవారిలో, ఏడుపుగా కాక కసురుగా కనబడుతుంటుంది. "ఈ మధ్య మా ఆయన ముట్టుకుంటే మండిపడుతున్నారు" అన్న మాట వెనుక జబ్బు ఉండవచ్చు. కోపం తనంతట తాను ఒక మానసిక వ్యాధి కాదు. అయితే చిన్న కారణానికి అదుపు తప్పి మాటలతో, చేతలతో విరుచుకుపడడం వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలల పాటు సాగితే, వైద్యులు దాన్ని విడిగా ఒక రుగ్మతగా పరిశీలిస్తారు.

చికిత్స పనిచేస్తుంది. ఆలోచనల తీరునూ ప్రవర్తననూ కలిపి మార్చే చికిత్సపై వచ్చిన 50 అధ్యయనాలను 1998లో బెక్, ఫెర్నాండెజ్ కలిపి చూశారు. చికిత్స తీసుకున్న సగటు మనిషి పరిస్థితి, తీసుకోని వారిలో 76 శాతం మంది కంటే మెరుగ్గా ఉంది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా పలుకుతుంది.

ఇంట్లో కొట్టేవాడిని మాత్రం ఈ వ్యాసంలోని కోపంతో కలిపి చూడకూడదు. "ఆయనకు కోపం వస్తే ఒళ్ళు తెలియదు" అని భార్యే వెనకేసుకొస్తుంది. అదే మనిషికి పై అధికారి ముందు ఒళ్ళు బాగానే తెలుస్తుంది, పోలీసు ముందు చేయి లేవదు. ఎక్కడ చేయి ఎత్తవచ్చో ఎంచుకోగలిగినవాడిది అదుపు లేకపోవడం కాదు, భార్యను తన అదుపులో పెట్టడం. దానికి ఊపిరి వ్యాయామాలు జవాబు కాదు. ఆమెకు ముందు కావాల్సింది రక్షణ. మహిళల సహాయ నంబరు 181 అందుకే ఉంది.

అరిచేశాక

ఎంత తెలిసినా ఏదో ఒక సాయంత్రం నోరు జారుతుంది. అప్పుడు మన ఇళ్ళలో మామూలుగా జరిగేది ఏమిటంటే, తండ్రి రాత్రి ఏ మిఠాయి పొట్లమో తెచ్చి బల్ల మీద పెడతాడు, ఎవరూ ఏమీ మాట్లాడరు. పిల్లలు అందులో ప్రేమ ఉందని గ్రహిస్తారు. తప్పు ఎవరిదో మాత్రం వాళ్ళకు తెలియదు, చాలాసార్లు తమదేననుకుంటారు. అందుకే మిఠాయి చాలదు, మాట కావాలి.

మేస్త్రి భోజనం చేసి మంచం మీద పిల్లవాడి పక్కన కూర్చున్నాడనుకుందాం. కరెంటు ఇంకా రాలేదు. "ఇందాక నీ మీద అరిచింది చెప్పుల కోసం కాదురా. షెడ్డులో ఒకాయన నాకు ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదు. ఆ కోపం నీ మీద చూపించాను. అది నా తప్పు" అన్నాడు. పిల్లవాడు చాలాసేపు విసనకర్ర ఈనెలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

"మరి ఆయన్ని అడిగావా నాన్నా?" అన్నాడు చివరికి.

"లేదు. సోమవారం అడుగుతాను."